సాకులు చెప్పని అమ్మాయి

నేను వెల్డింగు పంతుల్ని. ఇనుమూ ఇనుమూ అతికించడం నేర్పుతాను. అతుకు సరిగ్గా పడిందో లేదో తేల్చుకోవడానికి ఆ ముక్కని మరలో పెట్టి వంచుతాం. విరిగితే కుర్రాడు తప్పినట్టు, విరక్కపోతే నెగ్గినట్టు. ఇంతకు మించి పరీక్షల గురించి నాకేమీ తెలియదు. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి మా కాలేజీ విద్యార్థి సేవల విభాగం వాళ్ళు అప్పీళ్ళ కమిటీలో కూర్చోబెట్టారు. పాఠాలు చెప్పేవాళ్ళ తరఫున ఎవరో ఒకరుండాలట. పేర్లు ఖాయం చేసిన మీటింగుకి నేను వెళ్ళలేదు కాబట్టి నా పేరే రాసేశారు.

అప్పీలంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. మార్కులు బాగా పడిపోతే ప్రభుత్వమిచ్చే చదువు సాయం ఆగిపోతుంది. అది ఆగిందంటే మా దగ్గర చదివే పిల్లల్లో సగంమంది బాదం తోటలకో, కోళ్ళ ఫ్యాక్టరీకో పనికి పోవాల్సిందే. సాయం తిరిగి కావాలంటే ఎవరికి వాళ్ళే కమిటీ ముందుకొచ్చి చెప్పుకోవాలి. మాకున్న నియమం ఒక్కటే, తన చేతుల్లో లేని కారణమేదో ఆ పిల్ల చదువుకి అడ్డొచ్చి ఉండాలి. చావు, జబ్బు, ప్రమాదం, అలాంటివి. ఉంటే ఇస్తాం, లేకపోతే పంపేస్తాం.

ఇందులోకి డాక్టర్ ప్రూయిట్ గారు వచ్చి చేరారు. ఆయన సేవల విభాగానికి కొత్త డీన్. చెడ్డవాడు కాదు, చొక్కా నలగనివ్వడంతే. కాలేజీలకి గుర్తింపు ఇచ్చే సంఘం వాళ్ళు మార్చిలో తనిఖీకి వస్తున్నారు. కిందటిసారి వచ్చినప్పుడు వాళ్ళు ఒక మాట అని వెళ్ళారు. క్లాసుల్లో పిల్లలేం నేర్చుకుంటున్నారో కొలుస్తున్నారు బాగానే ఉంది, మరి కౌన్సెలింగులో, చదువు సాయం ఆఫీసులో, ట్యూషన్ గదిలో ఏం నేర్చుకుంటున్నారు, అది ఎవరు కొలుస్తారు అని. ఇంకేముంది, మా వాళ్ళు అభ్యసన ఫలితాలు రాయడం మొదలుపెట్టారు. ఎక్కడ చూసినా అవే. పార్కింగు పాసులిచ్చే కిటికీ దగ్గర నిలబడ్డ పిల్లవాడు ఏం నేర్చుకుని వెళ్ళాలో కూడా రాసి గోడకి అంటించారు. నేను చదివి నవ్వితే ఆ కిటికీ దగ్గర కూర్చునే ఆవిడ కూడా నవ్వింది, కానీ అటూ ఇటూ చూసి నవ్వింది.

అప్పీలు చేసుకునే పిల్లల కోసం కౌన్సెలర్ మార్లీన్ చేత ఒక క్లాసు పెట్టించారు. అది పూర్తి చేస్తేనే మా ముందుకి రావాలి. అందులో నేర్వవలసిన ఫలితం ఇదీ: తన చదువు దెబ్బతినడానికి తన ప్రవర్తనలో ఏది కారణమో విద్యార్థి ఎవరి సాయమూ లేకుండా చెప్పగలగాలి. చెప్పగలిగారో లేదో చూడటానికి మార్లీన్ కమిటీ గదిలో ఒక మూల కూర్చుని ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తుంది. సాకు చెబితే ఒకటి. తప్పంతా తనదేనని ఒప్పుకుని, ఇకముందు ఏం చేస్తాడో కూడా చెబితే నాలుగు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మార్లీన్ క్లాసులో కారణాలు చెప్పొద్దని నేర్పుతారు. అదే పిల్లని పక్క గదిలోకి తెచ్చి మేం కారణమేమిటని అడుగుతాం. ఈ రెండూ ఒకే ఆఫీసు, ఒకే డీను, ఒకే కాఫీ కూజా. ఇంత చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, ఆ అమ్మాయి వచ్చేదాకా.

జనవరిలో కూర్చున్నాం. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే కిటికీలోంచి పార్కింగు స్థలం కనబడటం లేదు. బల్లకి ఇటు ప్రూయిట్ గారు, నేను, చదువు సాయం ఆఫీసు నుంచి గ్వెన్. గ్వెన్ నాకు పాత స్నేహితురాలు, నోట్లో మాట దాచుకునే మనిషి కాదు.

ముందు కోడీ అనే కుర్రాడొచ్చాడు. క్లాసులో ఏమీ ఒంటబట్టించుకోలేదని కూర్చున్న తీరులోనే తెలిసిపోయింది.

"మా అమ్మమ్మ పోయింది సార్. అప్పట్నుంచి మనసు మనసులో లేదు," అన్నాడు. అంత్యక్రియల్లో పంచిన కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

మార్లీన్ తల అడ్డంగా ఊపుతూ ఒకటి వేసింది. మేం ముగ్గురం సాయం ఇచ్చేశాం. నియమం నియమమే కదా.

వాడు బయటికెళ్ళగానే గ్వెన్ నా చెవిలో గొణిగింది. "కిందటేడు వచ్చినప్పుడు నానమ్మ పోయింది. వచ్చే ఏడాదికి ఎవర్ని చంపుతాడో చూడాలి."

తర్వాత కాయింగ్ లోర్ వచ్చింది. సన్నగా, పొట్టిగా ఉంది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుంది, మెడ దగ్గర బొత్తాం కూడా పెట్టుకుంది. యుద్ధానికి దేశం వదిలి వచ్చిన హ్మాంగ్ తెగ వాళ్ళమ్మాయి, పెద్ద కుటుంబం. అప్పటిదాకా అన్నీ మంచి మార్కులే. నర్సింగు కోర్సులో సీటు వచ్చి ఉంది. మా కాలేజీలో ఆ సీటు కోసం పిల్లలు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు. ఆకురాలు కాలపు సెమిస్టరులో మాత్రం ఒక్కసారిగా అంతా కూలిపోయింది. రెండు సబ్జెక్టుల్లో తప్పింది, ఒకటి మధ్యలో మానేసింది. మేం సాయం ఇస్తే మరుసటి వారం తెల్ల కోటు వేసుకుంటుంది. ఇవ్వకపోతే ఆ సీటు వరసలో తర్వాతవాళ్ళకి పోతుంది. అంతకంటే తేటగా చెప్పడానికేమీ లేదు.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, గొంతు వణక్కుండా చెప్పింది.

"నేను నా సమయాన్ని సరిగ్గా వాడుకోలేదు. నవంబర్లో నేను క్లాసులకి రాలేదు. నేను టీచర్లకి ముందుగా చెప్పలేదు, సాయం అడగలేదు. ఇది నా బాధ్యత. ఇకమీదట ట్యూషన్ గదికి వెళ్తాను, ప్రతి వారం కౌన్సెలర్ని కలుస్తాను."

నాకు ఎక్కడో తేడాగా అనిపించింది. ఇలాంటి పిల్ల ఊరికే క్లాసులు ఎగ్గొట్టదు. ఎగ్గొట్టే మొహాలు నాకు తెలుసు, నా షెడ్డు నిండా వాళ్ళే.

"నవంబర్లో ఇంట్లో ఏమైనా జరిగిందా తల్లీ?" అని అడిగాను.

"నోర్బెర్టో," అన్నారు ప్రూయిట్ గారు మెత్తగా, "మనం దారి చూపించే ప్రశ్నలు వెయ్యకూడదు. తనంతట తను చెప్పాలి. లేకపోతే కొలత చెడిపోతుంది."

"కొలత సంగతి తర్వాత చూద్దాం లెండి. చెప్పమ్మా, ఏమైనా జరిగిందా?"

ఆమె మూల కూర్చున్న మార్లీన్ వైపు ఒకసారి చూసింది. తర్వాత నా వైపు తిరిగి చిన్నగా నవ్వింది.

"జరిగేవి అందరిళ్ళల్లోనూ జరుగుతాయి సార్. అది సాకు అవుతుంది."

మార్లీన్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషంతో. నాలుగు వేసింది, ఆ ఏడాదికి అదే మొదటి నాలుగు.

ఆమెని బయట కూర్చోబెట్టి ఓట్లు వేశాం. గ్వెన్ పెన్ను తిప్పుతూ, "తన చేతుల్లో లేని కారణమేదీ చెప్పలేదు. నేనేం చెయ్యను? ఏదో ఒకటి చెప్పి ఉంటే బాగుండును," అని వద్దని వేసింది. ప్రూయిట్ గారు కూడా వద్దనే. నేనొక్కణ్ణే ఇమ్మన్నాను.

అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇదేం గోలండీ! అమ్మమ్మల్ని వరసపెట్టి చంపుకుంటూ వచ్చేవాడికి సాయం ఇచ్చాం. మీరు నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పిన పిల్లని బయటికి తోశాం. క్లాసులో కారణం చెప్పొద్దంటారు, ఇక్కడ కారణం ఏదంటారు. ఆ పిల్ల చచ్చేదెలా, బతికేదెలా?"

"రెండూ వేరు వేరు, నోర్బెర్టో," అన్నారు ప్రూయిట్ గారు. ఆయనకి కోపం రాదు, అదే నా దురదృష్టం. "క్లాసు కొలిచేది అభ్యసనం. కమిటీ చూసేది నియమం. అభ్యసనం పరంగా చూస్తే ఈ అమ్మాయి గొప్ప విజయం."

"విజయమా? బయటికి పోయింది కదండీ!"

"అది ఫలితం కాదు. అది నిర్ణయం."

ఇనుము వంగుతుంది, ఆయన వంగడు. లోపలికి పిలిచి సంగతి చెబితే, కాయింగ్ మాత్రం మా ముగ్గురికీ వేరువేరుగా థాంక్స్ చెప్పి, కుర్చీ లోపలికి జరిపి మరీ వెళ్ళింది.

మార్చిలో తనిఖీ వాళ్ళు వచ్చారు. ప్రూయిట్ గారు ఆ అమ్మాయి మాటలు పేరు లేకుండా తెర మీద వేసి చదివి వినిపించారు. "జరిగేవి అందరిళ్ళల్లోనూ జరుగుతాయి." వచ్చినవాళ్ళలో ఒకావిడ ఆ మాట రాసుకుంది. తర్వాత మా సేవల విభాగాన్ని ప్రత్యేకంగా మెచ్చుకుంటూ రిపోర్టు రాశారు, మా వాళ్ళు కేకు కోశారు. నేను తినలేదు. తినకపోతే ఎవరికి లోటు, నా ముక్క కూడా గ్వెన్ తినేసింది.

మా పినతండ్రి కొడుకు గిల్బర్ట్‌కి చిలగడదుంపల ప్యాకింగు షెడ్డు ఉంది. మా తాతలు సముద్రం అవతలి దీవుల నుంచి వలస వచ్చి ఇక్కడి డెయిరీల్లో పాలు పితికారు, వాడు దుంపల్లోకి దిగి బాగుపడ్డాడు. మే నెలలో ఒక శనివారం ఫోన్ చేశాడు.

"ఒరేయ్ అన్నయ్యా, దుంపలు సాగే బెల్టు కింద ఫ్రేము విరిగింది. వచ్చి అతికించి పోరా. అన్నం పెడతాలే."

"నీ అన్నం నాకొద్దు, మీ ఆవిడ చేసిన సాసేజీ పెట్టు," అని మిషను వ్యానులో వేసుకుని వెళ్ళాను.

పని అయ్యాక ముసుగు తీసి చూస్తే, బెల్టు అవతల దుంపలు ఏరుతున్న ఆడవాళ్ళ మధ్య కాయింగ్ ఉంది. తలకి గుడ్డ, మోచేతుల దాకా గ్లవుసులు. నన్ను గుర్తుపట్టి తల వంచింది. మధ్యాహ్నం తిండి విరామంలో చెక్కపెట్టె మీద కూర్చుని అన్నం, మిరపకాయ పచ్చడి తింటూంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఇక్కడెప్పట్నుంచీ?"

"ఫిబ్రవరి నుంచి సార్. పర్లేదు, బాగానే ఉంది."

"నవంబర్లో ఏం జరిగిందమ్మా? ఇక్కడ కమిటీ లేదు, డీనూ లేడు. ఊరికే అడుగుతున్నాను."

ఆమె చెంచా డబ్బాలో పెట్టి మూత వేసింది.

"మా తమ్ముడు పోయాడు సార్. ఫెంగ్. తొమ్మిదేళ్ళు."

తనే చెప్పుకుంటూ పోయింది.

"ఆయాసం వాడికి. బాదం కోతల దుమ్ముకి మొదలవుతుంది, చలి ముదిరేదాకా తగ్గదు. ఆ రోజు పొద్దున్న ఈల వేసినట్టు ఊపిరి తీస్తున్నాడు. నాకు అనాటమీ పరీక్ష. మందు పీల్పించి, వచ్చాక ఆస్పత్రికి తీసికెళ్తాలే అని చెప్పి వెళ్ళాను. అమ్మకీ నాన్నకీ ఇంగ్లీషు రాదు సార్. కారు నేనే నడపాలి, డాక్టరుతో నేనే మాట్లాడాలి. పరీక్షకి ఫోన్లు ఆపి పెట్టెలో వెయ్యమంటారుగా, వేశాను. బయటికొచ్చి చూస్తే వరసగా అన్నీ నాన్న ఫోన్లే."

"అంబులెన్సుకి చెయ్యలేదా మరి?"

"ఏదొచ్చినా నాకే చేస్తారు సార్, అలవాటు. తర్వాత పక్కింటావిడ విని చేసింది. అప్పటికే..." డబ్బా పక్కకి జరిపింది. "ఒక్క రోజుతో అయిపోయే అంత్యక్రియలు కాదు సార్ మాకు, నాలుగు రోజులు ఇంట్లోవాళ్ళం అందరం కూర్చోవాలి. బంధువులు వస్తారు. ఆ తర్వాత నాకు కాలేజీకి రాబుద్ధి కాలేదు."

నేను పెట్టె మీంచి లేచిపోయాను. అరిచాననుకుంటాను, అవతలి ఆడవాళ్ళు తినడం ఆపి చూశారు.

"చావమ్మా అది! మా నియమంలో మొట్టమొదటి మాటే చావు! ఒక్క ముక్క అని ఉంటే నర్సువయ్యేదానివి కదే తల్లీ! ఎందుకు చెప్పలేదు?"

"క్లాసులో మొదటి రోజు చెప్పబోయాను సార్. మార్లీన్ మేడమ్ అన్నారు, మనకేం జరిగిందో కాసేపు పక్కన పెడదాం, మనమేం చేశామో చూద్దాం అని. కోప్పడలేదు, చాలా మంచావిడ. ఇంటికెళ్ళి ఆలోచించాను. నిజమే అనిపించింది."

సోమవారం పొద్దున్నే మార్లీన్ గది తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్ళాను. తిడదామనే వెళ్ళాను. విషయం చెబుతూండగానే ఆవిడ మొహం పాలిపోయింది. కుర్చీ పట్టుకుని కూర్చుంది.

"నాకు తెలీదు నోర్బెర్టో. ఒట్టు, తెలీదు. ఆ మాట ప్రతి బ్యాచికీ చెప్తాను. సగంమంది తాగి తిరిగి తప్పినవాళ్ళే వస్తారు, వాళ్ళ కోసం రాసుకున్న మాట అది. ఆ అమ్మాయి ఏదో అనబోయింది... గుర్తుంది నాకు. చెయ్యెత్తింది." అంతే, ఏడుపు. తిడదామని వెళ్ళినవాణ్ణి కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

ఇద్దరం కలిసి గ్వెన్ దగ్గరికి వెళ్ళాం, గ్వెన్ మమ్మల్ని ప్రూయిట్ గారి దగ్గరికి ఈడ్చుకుపోయింది. ఆయన మొదటిసారి టై వదులు చేసుకోవడం చూశాను. "ఆ అప్పీలు మళ్ళీ తెరుద్దాం. వెంటనే తెరుద్దాం," అన్నారు. ఆగస్టు బ్యాచిలో నర్సింగుకి ఒక సీటు ఖాళీ ఉంది. మరణ ధ్రువపత్రం గ్వెన్ తనే తెప్పించుకుంటుంది. శుక్రవారం లోపల అమ్మాయి వచ్చి, జరిగింది తన చేతుల్లో లేదని ఒక్క మాట తన నోటితో చెబితే చాలు. ఆ మాట మాత్రం ఆమెకి బదులు మేమెవరం చెప్పడానికి వీల్లేదు, నియమం.

"చెప్పకేం, చెబుతుంది. మంగళవారం కల్లా లాక్కొస్తాను," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో.

మార్లీన్ కూడా వస్తానని పట్టుబట్టింది. ఆ మధ్యాహ్నమే విరామం గంట కొట్టేవేళకి షెడ్డుకి వెళ్ళాం. ఆవిడ మంచి బూట్లు మట్టిలో దిగబడుతున్నా లెక్కచెయ్యకుండా నేరుగా కాయింగ్ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది.

"నేను నీకు చెప్పింది తప్పు, కాయింగ్. ఆ రోజు నిన్ను మాట్లాడనివ్వాల్సింది. నన్ను క్షమించమ్మా."

"అయ్యో, అలా అనకండి మేడమ్," అంది కాయింగ్ గాభరాగా. ఆవిడ్ని తన చెక్కపెట్టె మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. "మీరు చెప్పింది నాకు చాలా పనికొచ్చింది. అదే లేకపోతే నేనేమైపోయేదాన్నో."

నేను సీటు సంగతి చెప్పాను. ఆగస్టు అన్నాను, శుక్రవారం అన్నాను, ఒక్క మాట అన్నాను. శ్రద్ధగా విన్నది. క్లాసులో కూడా ఇలాగే వినేదేమో.

"ఏమని చెప్పాలి సార్?"

"జరిగింది నీ చేతుల్లో లేదని."

"ఫోన్ ఆపింది నేను సార్. వాడలా ఊపిరి తీస్తూంటే చూసి కూడా తలుపేసుకుని వెళ్ళింది నేను."

"ఒసే పిచ్చి తల్లీ, పరీక్షకి వెళ్ళావు! ప్రతి పిల్లా చేసే పనే చేశావు! అది నేరమా?"

"నేరమని కాదు సార్. నాన్న వాడి ఆయుష్షు అంతేనంటాడు. మా మేనమామేమో, వాడి ఆత్మ దారి తప్పింది, మంత్రగాడి చేత సమయానికి పిలిపించి ఉంటే తిరిగొచ్చేదంటాడు. అమ్మ డాక్టర్లనంటుంది. అందరూ ఏదో ఒకదాని మీద పెట్టి తేలిగ్గా ఉన్నారు. వాడి చావు బాధ్యత ఒప్పుకున్నది నేనొక్కదాన్నే. ఇప్పుడు నేను కూడా వచ్చి, నాకేం సంబంధం లేదు, నాకు సీటివ్వండి అంటే..." చేతిలోని గ్లవుసులు మడిచింది. "వాడికి ఇంకెవరున్నారు సార్?"

మార్లీన్ మొహం చేతుల్లో పెట్టుకుంది. "అది నేను చెప్పింది కాదమ్మా, నేను చెప్పిందది కాదు," అంటూనే ఉంది. కాయింగ్ వంగి ఆవిడ వీపు నిమిరింది. మంచి నర్సులు అలాగే నిమురుతారు. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు చూశాను నేను.

"శుక్రవారం దాకా టైముంది తల్లీ. ఇంటికెళ్ళి ఆలోచించుకో," అన్నాను.

"ఆలోచించాను సార్. మీరెందుకు ఎదురుచూడటం, ఆ సీటు వరసలో ఉన్నవాళ్ళకి ఇచ్చెయ్యండి."

గిల్బర్ట్ గంట కొట్టాడు. ఆమె మార్లీన్ చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుని కడిగి పెట్టి, గ్లవుసులు తొడుక్కుని బెల్టు దగ్గరికి వెళ్ళింది. నేను వ్యాను తాళాల కోసం జేబులన్నీ వెతుక్కున్నాను. మార్లీన్ లేవడానికి చాలాసేపు పట్టింది.